మూడు ఎత్తుల చూపు

మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ మేస్త్రి పోయిన సంగతి నాకు మూడు నెలలు ఆలస్యంగా తెలిసింది. నరసరావుపేటలో ఒక కొట్లో స్టార్టర్ బేరం చేస్తూ, బావి మోటారు కాలిపోయింది, మేస్త్రి దగ్గర పడెయ్యాలి అని మాటవరసకు అన్నాను. కొట్టు మనిషి కాగితం మీద నుంచి తలెత్తకుండానే, “ఏ మేస్త్రి? పల్నాడు రోడ్డు సాయిబా? ఆయన పోయి మూణ్ణెల్లయింది గదండీ,” అన్నాడు. నేను స్టార్టర్ తీసుకోకుండానే బయటికి వచ్చి కాసేపు ఎండలో నిలబడ్డాను.

ఆయన పేరు రాయను. ఆ పేరు అడిగి తెలుసుకోవడానికే నాకు నాలుగేళ్ళు పట్టింది. మా ఇళ్ళల్లో పనివాడి పేరు అడిగే అలవాటు లేదు. మేస్త్రీ అంటే పలికేవాడు, అది చాలనుకునేవాణ్ణి. అన్నేళ్ళు పిలవని పేరును ఇప్పుడు అచ్చులో పెట్టే హక్కు నాకు లేదు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గళ్ళ లుంగీ, వార్నిష్ మరకల బనీను, చెవి మీద పెన్సిలు. ఏ వస్తువునైనా ముందు చెయ్యి వెనకవైపుతో తాకేవాడు. కరెంటు పని చేసేవాళ్ళకు అది అలవాటే. అరచేత్తో ముట్టుకుంటే షాకు కొట్టినప్పుడు చెయ్యి ఆ వస్తువునే పట్టుకుని వదలదు, వెనకవైపుతో తాకితే దానంతటదే వెనక్కి వస్తుంది. ఆయనకు ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. టీ గ్లాసును అలాగే తాకేవాడు. కొత్త మనిషి ఇచ్చిన నోటును కూడా అలాగే తాకేవాడు. చదరంగంలో నా మంత్రిని తీసేటప్పుడు సైతం ముందు వేళ్ళ వెనక భాగంతో ఒకసారి తాకి, ఏమీ కాలేదని తేలాక అప్పుడు తీసేవాడు.

తీగ చుట్టేటప్పుడు చేత్తో తిప్పే చిన్న మిషను ముందు కూర్చుని, చుట్లను పెదాల లోపల ఉర్దూలో లెక్కపెట్టేవాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా ఒక వేలు పైకెత్తేవాడు. ముప్ఫయ్యో చుట్టు దగ్గర అడిగిన మాటకు నూట ఇరవై దాటాక జవాబు వచ్చేది. అడిగినవాడు ఏం అడిగాడో మరిచిపోయేవాడు గానీ ఆయన మరిచేవాడు కాదు.

ఏ మోటారు విప్పినా పాత తీగ పారెయ్యక ముందు చుట్లు ఎన్ని, తీగ ఎంత లావు, ఏ గాడిలో మొదలై ఏ గాడిలో తేలింది, అంతా ఒక పొడుగు పుస్తకంలో రాసేవాడు. “రేపు నేను లేకపోయినా ఇది చూసి ఎవరైనా చుట్టొచ్చు బాబుగారూ. చేతిలో ఉన్న పని చేతితోనే పోకూడదు,” అనేవాడు. పాతవాళ్ళు మాత్రం తమ పనిని దాచుకునేవాళ్ళు. గుంటూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రి ఈ పుస్తకం చూసి, “ఇట్టా రాసిపెడితే రేపు నీ కొట్టుకు ఎవడొస్తాడయ్యా?” అన్నాడట. “రాకపోతే నేను ఇంకోటి నేర్చుకుంటా,” అన్నాడట ఈయన.

ఎనభైల మొదట్లో నేను ఆయన కొట్టు మొదటిసారి చూశాను. అంతకు ముందు మా మోటారు రిపేరుకు వస్తే పాలేరు తెచ్చేవాడు. ఆ ఏడు పాలేరు లేడు. నేనే బండిలో వేసుకుని వచ్చాను. కొట్టు ముందు స్టూలు ఉంది. తుడిచి వేస్తాడేమో, కూర్చుందామని నిలబడ్డాను. ఆయన తుడవలేదు. నేను కూర్చోలేదు. గంటసేపు అలాగే నిలబడ్డాను.

అప్పుడు కనిపించింది. పనిబల్ల చివర నల్ల పెయింటుతో గీసిన అరవై నాలుగు గడులు. బంటులు ఇత్తడి నట్లు. ఏనుగులు పింగాణీ ఫ్యూజు కట్టలు. గుర్రాలేమో రాగి తీగ వంచి చేసినవి, ఒక్కోదానికి మెడ దగ్గర చిన్న వంపు. నా చూపు ఎటు పోయిందో ఆయన గమనించాడు.

“ఆట వచ్చా బాబుగారూ?”

“జిల్లా కప్పు రెండుసార్లు తెచ్చుకున్నాను.”

“అయితే కూర్చోవాల్సిందే,” అని భుజం మీది తువ్వాలు తీసి స్టూలు తుడిచాడు.

ఆ పూట మూడు ఆటలు ఆడి మూడూ గెలిచాను. ఓడిన మనిషి ముఖంలో ఉండవలసినదేదీ ఆయన ముఖంలో లేదు. మోటారు ఎందుకు కాలిందో దొరికినవాడిలా ఉన్నాడు. “రెండో ఆటలో ఆ గుర్రాన్ని పక్కకు ఎందుకు తీశారు?” అన్నాడు.

“తియ్యాలనిపించింది.”

“అనిపించేదానికి ముందు ఏం చూశారు?”

నన్ను ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరూ అడగలేదు. నాకు నేను కూడా వేసుకోలేదు.

ఆయన అలా అడగడానికి ఒక కారణం ఉంది. ఆ రోజుల్లో రష్యా పత్రికలు తెలుగులో చవగ్గా దొరికేవి. బడిపిల్లలు వాటి నున్నటి కాగితాన్ని పుస్తకాలకు అట్టలుగా వేసుకునేవాళ్ళు. మేస్త్రి మాత్రం చదివేవాడు. ఒకదానిలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి గురించి రాశారు. చదరంగంలో ప్రపంచ విజేతగా ఏళ్ళ తరబడి ఉన్నవాడు. వృత్తికి కరెంటు ఇంజనీరు. ఆట మానేశాక, తాను ఆలోచించే పద్ధతిని ఒక యంత్రానికి నేర్పాలని కూర్చున్నాడు. మేస్త్రి ఆ బొమ్మ కత్తిరించి మెయిన్ స్విచ్చి పక్కన అంటించాడు. అటువైపు మక్కా బొమ్మ, ఇటువైపు ఈ పెద్దమనిషి.

“ఆయన కూడా మన కరెంటు మనిషే బాబుగారూ,” అన్నాడు నాతో, చుట్టం గురించి చెప్పినట్టు.

“ప్రపంచాన్నే గెలిచినవాడికి ఇంకా యంత్రంతో ఏం పని?” అన్నాను.

“గెలిచాడు గానీ ఎట్టా గెలిచాడో ఆయనకే తెలవదంట. అది తెలుసుకోడానికి.”

కంప్యూటరు అనే మాట కూడా ఆయనకు ఆ పత్రిక చెప్పిందే. నాకు తెలిసినంతలో అప్పటికి నరసరావుపేటలో ఎవరి దగ్గరా అది లేదు. ఆయనకు అది అడ్డం కాలేదు. యంత్రం లేకపోతే యంత్రానికి ఇచ్చే పుస్తకం రాద్దామనుకున్నాడు. ఆట రానివాళ్ళు సైతం ఆ పుస్తకం పట్టుకుని, అది చెప్పినట్టు కూడికలూ తీసివేతలూ చేసుకుంటూ పోతే ఆడగలగాలి. అందుకు ఆయనకు ఒక ఛాంపియన్ కావాలి. మోటారు వేసుకుని నేను దొరికాను.

ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత సాయంత్రం దాకా ఆయన కొట్టులో పని ముట్టేవాడు కాదు. ఆ వేళకు నేను పేటకు వెళ్ళడం మొదలుపెట్టాను. దుకాణం ముందు స్టూలు మీద నేను కూర్చుని ఉండటం చూసి మా కులం వాళ్ళు ఒకరిద్దరు చూపు తిప్పుకుని పోయేవాళ్ళు. నేను నడుము నిటారుగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆడేది ఒక ఆట. అడిగేవి నూరు ప్రశ్నలు. రాజు ముందున్న బంటు కదిలితే ఎంత నష్టం? ఒక బంటులో సగమా, పావా? బల్ల మధ్యలో ఉన్న గుర్రం విలువ ఎంత, మూలన ఉంటే ఎంత? నేను విసుక్కునేవాణ్ణి.

“మేస్త్రీ, ఇది రాసుకుంటే వచ్చేది కాదు. రక్తంలో ఉండాలి. మా తాతగారు దంతపు బొమ్మలతో ఆడేవారు.”

“మీ నాన్నగారు?”

మా నాన్నగారికి ఆట రాదు. ఆ మాటే చెప్పాను.

“మరి మధ్యలో యాడ తెగింది బాబుగారూ? చుట్టు తెగితే మోటారు తిరగదు గదా.”

వద్దనుకున్నా నవ్వు వచ్చింది. ఆయన నవ్వలేదు. జవాబు కోసం పెన్సిలు పట్టుకుని చూస్తున్నాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్ళకు మా ఇంటి నుంచి ప్రభ లేచేది. ఊరిది కాదు, మా ఇంటిది. ఎద్దులు లాగే బండి మీద వెదురు, సరుగుడు వాసాలతో కట్టిన గోపురం, దాని నిండా రంగుల దీపాలు. మా తాతగారి కాలంలో కాగడాలు, నాన్నగారి కాలంలో గ్యాసు లైట్లు, నా కాలంలో కరెంటు బల్బులు. బల్బుల పని ఏటా ఈ మేస్త్రిదే. ఒక ఏడు లేవకుండా ఆగిన ప్రభ ఆ ఇంటికి మళ్ళీ అచ్చిరాదని మా నాయనమ్మ చెప్పి పోయింది. ముందు ఏటి కంటే పొట్టిగా లేవకూడదని కూడా ఒక నియమం. అందుకోసం ఈపూరు వైపు మెరక చేను అమ్మాను. తర్వాత చింతతోపు. తర్వాత కాలువ కింద పొలం చెక్క. ప్రతిసారీ ఇది చిన్నదే కదా, ఇంటి పేరు ముఖ్యం అనుకున్నాను. ఇక మిగిలింది బావి చేను ఒక్కటి. దాని మోటారే ఈయన చుట్టింది. చదరంగం పుస్తకం పూర్తయిన ఏడు శివరాత్రికి దాన్ని అమ్మడానికి మిల్లు యజమాని ఒకాయనతో మాట అయింది. సంతకాలు ఒక సోమవారం పెట్టుకుందామన్నాం. ఆ చేను పోతే మా అమ్మకూ నాకూ తినడానికి పండేది ఇక లేదు. అమ్మకపోతే శివరాత్రి నాడు ప్రభ లేదు. నాకు రెండోదే పెద్దదిగా కనిపించింది.

“మిల్లు ఆయన వచ్చాడు,” అన్నాడు మేస్త్రి ఒక శుక్రవారం, బల్ల మీద నట్లు పేరుస్తూ. “మీ బావి మోటారు ఎట్టుందని అడిగాడు.”

“నువ్వేమన్నావు?”

“మోటారు చానా బాగుందన్నా. మోటారు ఉన్నోళ్ళు చేను ఎందుకు అమ్ముతన్నారో నాకు తెలవదన్నా.”

“మేస్త్రీ, నీ పని వైండింగ్,” అన్నాను.

“అవును బాబుగారూ,” అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. నట్లు పేర్చడం పూర్తిచేశాడు.

పుస్తకం తయారైంది. దాన్ని నడపడానికి ఆయన ఆ వీధిలోనే ఉండే క్రైస్తవ మిషను బడి లెక్కల టీచరమ్మను పిలిచాడు. యాభై దాటిన మనిషి, తెల్ల చీర, సుద్ద అంటిన వేళ్ళు. ఆయన చెల్లెమ్మా అనేవాడు, ఆమె అన్నా అనేది.

“నాకు పేకముక్క కూడా పట్టుకోవడం రాదన్నా. ఫాదరు గారికి తెలిస్తే ఏమంటారో ఏందో.”

“ఇది ఆట కాదు చెల్లెమ్మా. నీకు కనపడేవన్నీ లెక్కలే.”

“అయితే సరే. లెక్కకు పాపం లేదు.”

నిజంగానే ఆమెకు కనబడ్డవన్నీ లెక్కలే. గడులకు ఒకటి నుంచి అరవై నాలుగు దాకా నంబర్లు. గుర్రం అంటే ఆమెకు గుర్రం కాదు, ఆరు, పది, పదిహేను, పదిహేడు. ఉన్న గడికి ఆ అంకెలు కలిపినా తీసినా వచ్చే గడికి అది పోతుంది. అంచు దాటకుండా చూసుకోవడానికి ఒక పట్టీ. బంటుకు ఒకటి, గుర్రానికీ శకటుకీ మూడు, ఏనుగుకు అయిదు, మంత్రికి తొమ్మిది. పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంది: అన్ని ఎత్తులూ చూడొద్దు, ఈ అయిదు రకాలవే చూడు. ఆ అయిదు రకాలు ఏవో తెలుసుకోవడానికే ఆయన నన్ను ఏడాది పాటు అడిగాడు. ఒక్కో ఎత్తుకు తానొకటి, ఎదుటివాడిదొకటి, మళ్ళీ తానొకటి, మొత్తం మూడు ఎత్తుల దాకా లెక్కవేసి, ఎక్కువ మిగిలేది ఆడాలి.

మేస్త్రి మా ఆటకు వీపు పెట్టి కూర్చున్నాడు. “నేను చూస్తే నా మొహంలో తెలిసిపోద్ది. అప్పుడది పుస్తకం ఆట కాదు,” అన్నాడు. ఆ మొత్తం ఆటలో బల్ల వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

టీచరమ్మ పలక మీద లెక్కలు వేసి ఒక్కో ఎత్తుకు అరగంట తీసుకునేది. ఒక ఆట నాలుగు శుక్రవారాలు పట్టింది. మొదటి శుక్రవారం నేను ఆమెను చూసి తేలిగ్గా ఆడాను. అయిదో ఎత్తులో ఆమె పలక తుడిచి, “సార్, నాది మూడు విలువది ఒకటి ఇరవై ఎనిమిదిలో ఉంది. అక్కణ్ణించి పదమూడుకి పోతదంట. మీదేదో అక్కడ ఉంది, తీసెయ్యమంటంది,” అంది. నా బంటు పోయింది. బంటు పోయినందుకు కాదు నేను బల్ల మీదికి వంగి చూసింది. ఆ గుర్రం వచ్చిన దారి నాది. రాజు మూలన ఉన్నప్పుడు మూడు గడుల అవతల నుంచి పక్కగా వచ్చే దారి. మా తాతగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించినది, నేను ఎవరికీ చెప్పాననుకోనిది. ఎదురుగా గుర్రం అంటే ఏమిటో తెలియని టీచరమ్మ కూర్చుని ఉంది. ఆడుతున్నది నేను.

ఇంటికి వెళ్ళాక ఆ రాత్రి ఆ ఎత్తునే మళ్ళీ మళ్ళీ వేసి చూసుకున్నాను. ఒక మనిషి, బడి అయిదో తరగతితో మానేసినవాడు, నా వెనక ఏడాది తిరిగి, నాకే తెలియని నన్ను నూరు పేజీల్లో రాసిపెట్టాడు. గర్వపడాలో భయపడాలో తెలియలేదు.

తర్వాతి రెండు శుక్రవారాలు జాగ్రత్తగా ఆడాను. నాలుగోది, సోమవారపు సంతకాలకు ముందు వచ్చిన శుక్రవారం. అప్పటికి పుస్తకం వైపు ఏనుగు ఒకటి మూలన ఇరుక్కుంది. నా శకటు దారి మూసింది, గుర్రం దాని మీదికి వస్తోంది. ఆ ఏనుగు ఎటూ తప్పించుకోలేదు. అప్పుడు పుస్తకం ఒక వింత పని చేసింది. ఉత్తి పుణ్యానికి ఒక బంటును నా మంత్రి ముందుకు తోసింది. తీసుకున్నాను. ఇంకో బంటును తోసింది. తీసుకున్నాను. తర్వాత గుర్రాన్నే తెచ్చి నా రాజుకు చెక్ పెట్టింది. దాన్నీ తీసుకున్నాను.

టీచరమ్మ సుద్దముక్క కింద పెట్టింది. “అన్నా, నీ పుస్తకానికి ఏదో అయింది. అన్నీ ధర్మం చేస్తంది.”

మేస్త్రి తిరగలేదు. “లెక్క సరిగ్గా వేశావా చెల్లెమ్మా?”

“నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా?”

“ఏనుగు ఏమన్నా ఇరుక్కుందా?”

“ఏది ఏనుగో నాకేం తెలుసు. అయిదు విలువది ఒకటి అరవై నాలుగులో కూర్చుని ఉంది, కదలట్లేదు.”

ఆయన వేలితో గాలిలో ఎత్తులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత గోడ వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. “దానికి మూడు ఎత్తులే కనపడతయ్. ఏనుగు పోయేది రెండో ఎత్తులో ఉంటే చూసుద్ది, భయపడుద్ది. మధ్యలో ఒక బంటుని ఇస్తే, బాబుగారు ఆ బంటుని తీసుకునే లోపల, ఏనుగు పోయేది నాలుగో ఎత్తుకు జరుగుద్ది. ఇక దానికి కనపడదు. కనపడలేదు గాబట్టి ఏనుగు బతికిందనుకుంటది. మళ్ళీ దగ్గరికొస్తే ఇంకోటి ఇస్తది. ఏనుగు ఎట్టాగూ పోద్ది. ఇచ్చినయ్యన్నీ ఉత్తగానే పోయినయ్.”

“ఎంత పిచ్చిది,” అంది టీచరమ్మ.

“పిచ్చిది కాదు చెల్లెమ్మా. లెక్క సరిగ్గానే వేసింది. దాని చూపే అంత.” తర్వాత నన్నడిగాడు, ఎప్పుడూ అడిగే గొంతుతోనే. “బాబుగారూ, మీరయితే ఆ చోట ఏం చేస్తారు?”

నాకు తడుముకోవాల్సిన పని లేదు. ఈ ఆటలో నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి అది. “ఏనుగు పోయిందనుకుంటాను. పోయేది పోయిందని ముందే ఒప్పుకుని, మిగిలినవాటితో ఆడతాను,” అన్నాను.

ఆయన చెవి మీది పెన్సిలు తీసి రాసుకున్నాడు. రాస్తున్న చప్పుడు వినబడుతూ ఉండగా నేను అన్న మాట నా చెవిలో పడింది. ఈపూరు మెరక, చింతతోపు, కాలువ కింద చెక్క. ఒక్కోటి ఇచ్చి, ఇంటి పేరు పోయే రోజును నా కంటికి కనపడనంత దూరం జరుపుకుంటూ వచ్చాను. ఆ పేరు ఎప్పుడో పోయింది. పేటలో ఆ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఆయన నాకోసం ఆ ప్రశ్న అడిగాడా, పుస్తకం కోసం అడిగాడా? తర్వాత ఎన్నో ఏళ్ళు ఆలోచించాను. అడగలేదు. పుస్తకం కోసమే అడిగాడని ఇప్పుడు నాకు నమ్మకం. ఆయనకు మనిషికీ, మోటారుకూ, చదరంగానికీ వేరువేరు చూపులు లేవు. ఎక్కడ తెగిందో అక్కడ వేలు పెట్టేవాడు.

ఆ ఆట నేనే గెలిచాను. టీచరమ్మ పలక సంచిలో పెట్టుకుంటూ, “మంచిది సార్. ఎవరు గెలిచినా నాకు తలనొప్పి తగ్గింది,” అంది.

సోమవారం రిజిస్ట్రారు ఆఫీసు దాకా వెళ్ళి, అమ్మనని చెప్పి వచ్చాను. మిల్లు యజమాని రెండు మాటలన్నాడు. వాటికి తగిన మనిషినే గనక విని ఊరుకున్నాను. ప్రభ లేవదని ఇంట్లో చెప్పాను. మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నాయనమ్మ పటం ముందు కూర్చుని చాలాసేపు ఏదో చెప్పుకుని, లేచి వచ్చి నాకు వడ్డించి తానూ తింది. ఇక మిగిలింది ఊరు.

శివరాత్రి పొద్దున ప్రభలన్నీ మా ఇంటి ముందు రోడ్డు మీదుగానే కొండకు పోతాయి. నేను లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చుందామనుకున్నాను. తొమ్మిది గంటలకు సైకిలు గంట వినబడింది. మేస్త్రి. ఏటా ఆ పాటికి ఆయన మా ప్రభ మీదికెక్కి బల్బులు బిగిస్తూ ఉండేవాడు. ఆ పనిలేక ఖాళీగా ఉన్నాడు. సైకిలు హ్యాండిలుకు ఒక సంచి. అందులో నట్లు, ఫ్యూజు కట్టలు, రాగి గుర్రాలు, గళ్ళు గీసిన అట్ట, పుస్తకం.

“ఇవాళ నాకు పని లేదు బాబుగారూ. మీరే పోగొట్టారు,” అన్నాడు వాకిట్లో నిలబడి.

మా వసారాలో కుర్చీలు ఎవరికి వెయ్యాలో, ఎవరు వాకిట్లో నిలబడి మాట్లాడాలో మా తాతగారు ఏర్పరచి పోయారు. నేను లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి నా కుర్చీకి ఎదురుగా వేశాను. “రండి మేస్త్రీ. కూర్చోండి,” అన్నాను. నేను ఆయన్ను మీరు అనడం అదే మొదలు. గమనించాడో లేదో. కూర్చుని అట్ట పరిచాడు.

“నేను ఆడను. పుస్తకం చెప్పింది జరుపుతా, అంతే. రెండు ముక్కలు కొత్తగా రాశా.”

చూపించాడు. కొట్లాట నడుస్తుండగా లెక్క ఆపొద్దు, తేలేదాకా చూడు. ఇది ఆయన సొంతం. దాని కింద, పోయేది పోయిందనుకో. పక్కనే చిన్న అక్షరాలతో, బాబుగారు చెప్పింది.

ఆడాం. తన రాతే గనక టీచరమ్మకు అరగంట పట్టేది ఆయనకు నాలుగైదు నిమిషాల్లో తేలింది. ఇరవై ఎత్తులు దాటేసరికి మళ్ళీ దాని ఏనుగును మూలకు తరిమాను. బంటు తోస్తుందని ఎదురుచూశాను. తోయలేదు. ఆయన వేలు పేజీల మీద అటూ ఇటూ నడిచింది, పెదాలు లెక్కపెట్టాయి. పుస్తకం ఏనుగును అక్కడే వదిలేసింది, అసలు లేనట్టే. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు ఎత్తులు పడతాయి. ఆ రెండు ఎత్తుల్లో దాని గుర్రం నా రాజు దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏనుగును తీసుకున్నాను. తీసుకున్నాక అట్ట చూసి, తీసుకోకుండా ఉండాల్సిందని తెలుసుకున్నాను. కాగితం మీద పెన్సిలు గీతలు, వాటిని వేలుతో వెతుకుతున్న వైండింగ్ మేస్త్రి. జిల్లా కప్పులు తెచ్చిన నాకు జరపడానికి మంచి ఎత్తు ఒక్కటీ దొరకలేదు.

అప్పుడే పక్క ఊరి ప్రభ మా గేటు ముందుకు వచ్చింది. ముందు నడుస్తున్న పెద్దమనిషి నాన్నగారి ఈడువాడు. చెయ్యి ఎత్తి డప్పులు ఆపించి లోపలికి చూశాడు.

“ఏందబ్బాయ్, మీది ఇంకా లేవలేదే?”

రోడ్డు మీద ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నెల రోజులుగా ఆ ప్రశ్నకు నేను జవాబులు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. ఎద్దులకు జబ్బు చేసిందని, అమ్మకు ఒంట్లో బాగాలేదని, వచ్చే ఏడు ఇంకా ఎత్తుగా కడతామని.

“లేవదు బాబాయ్. ఈ ఏడే కాదు, ఇక లేవదు,” అన్నాను. “చేను ఉంచుకున్నాను.”

ఆయన కొంతసేపు నా వంక చూశాడు. నా ఎదురుగా కుర్చీలో ఉన్న మనిషి వంకా చూశాడు. చెయ్యి దించాడు. డప్పులు మొదలయ్యాయి, ప్రభ కదిలింది, దాని నీడ మా వసారా మీదుగా మెల్లగా జరిగి వెళ్ళింది.

మేస్త్రి తలెత్తలేదు. పేజీలో వేలు పెట్టి పట్టుకుని ఉన్నాడు.

“ఆడండి,” అన్నాడు.

ఆ ఆట నేను ఓడిపోయాను. నన్ను అంత చక్కగా ఎవరూ ఓడించలేదు.